స్వామికి పవళింపు సేవ.. దేహానికి శవాసనం

పార్వతీదేవి ఘోర తపస్సు చేస్తున్న వేళ పరమశివుడు బ్రహ్మచారి వేషంలో వచ్చి ఆమెను కుశలం అడిగాడు. ఆ ప్రశ్నల్లో ఒకటి ఎంతో విలువైనది. నీ శరీరశక్తికి తగినట్లుగానే తపస్సు చేస్తున్నావు కదా అని! ధర్మాచరణకు తొలి ఉపకరణం దేహమేనన్న మాటను కాళిదాసు కుమారసంభవం అయిదో సర్గలో ఆ స్వామి చేతనే పలికించాడు. జగన్మాతకే ఆ హెచ్చరిక తగినదైతే, మట్టితో, ఎండతో, అప్పుతో నిత్యం పెనుగులాడే మనకు అది ఎంత అవసరమో వేరే చెప్పాలా?

మోసేది దేహం.. మరచేది మనం

గుంటూరు, ప్రకాశం నల్లరేగడి సీమలో పుట్టినవారికి శ్రమను వివరించనక్కరలేదు. పత్తి తీసే రోజుల్లో నడుము వంచిన మనిషి పొద్దువాలితే గాని ఎత్తడు. మిరప కోతలకు కర్నూలు పడమటి పల్లెల నుంచి సైతం కుటుంబాలకు కుటుంబాలే తరలివస్తాయి. కల్లాల్లో కాయ ఎండుతుంటే తాలుకాయలు ఏరే తల్లులు గంటల తరబడి కూర్చున్న చోటనే ఉంటారు. గుంటూరు మిర్చి యార్డులో 40 కిలోలు పైబడిన టిక్కీలను హమాలీలు రోజంతా వీపున మోస్తారు.

ఇంత చేసిన దేహం రాత్రి మంచం మీద వాలినా విశ్రమించదు. గులాబీ రంగు పురుగు పత్తికాయను తొలుస్తుందేమోనన్న దిగులు, కల్లంలో కాయ ఉండగా మబ్బు పట్టిందన్న భయం, యార్డులో ధర ఏమవుతుందోనన్న చింత మనిషిని నిద్రపోనివ్వవు. కళ్లు మూసుకున్నా దవడలు బిగిసే ఉంటాయి. భుజాలు చెవుల వైపు ఎగబాకే ఉంటాయి. బరువు దించినా మోస్తున్నట్లే ఉండే ఈ బిగువును మనం గమనించం. గమనించనిదాన్ని సడలించడం ఎలా సాధ్యం?

అంగన్యాసంలోని అంతరార్థం

ఈ గమనింపు మన పూజాగదికి కొత్తది కాదు. విష్ణు సహస్రనామ పారాయణకు ముందు ఎందరో కరన్యాస, అంగన్యాసాలు ఆచరిస్తారు. బొటనవేళ్లతో మొదలుపెట్టి చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు, చిటికెనవేలు, ఆపై అరచేతులు. తరువాత హృదయం, శిరస్సు, శిఖ, భుజాలు, నేత్రాలు. ఒక్కొక్క అవయవాన్నీ తాకి, దానిని భగవంతుడికి అప్పగించడమే న్యాసం. భాగవతం షష్ఠ స్కంధంలో విశ్వరూపుడు ఇంద్రుడికి ఉపదేశించిన నారాయణ కవచమూ అటువంటిదే. ఈ దేహంలో నిర్లక్ష్యం చేయదగిన చోటు ఒక్కటీ లేదన్నది అందులోని భావం.

చేతులు యాంత్రికంగా తాకుతూ మనసు మార్కెట్ ధరల చుట్టూ తిరుగుతుంటే న్యాసం కర్మకాండగా మిగిలిపోతుంది. తాకిన చోట మనసు నిలిస్తే అదే ధ్యానమవుతుంది. బీహారులోని ముంగేరులో యోగ విద్యాలయాన్ని స్థాపించిన స్వామి సత్యానంద సరస్వతి, తాను బోధించిన యోగనిద్రకు మూలం ఈ తాంత్రిక న్యాసమేనని చెప్పారు. అందులోనూ దేహయాత్ర కుడిచేతి బొటనవేలితోనే ఆరంభమవుతుంది!

శాస్త్రం ఏమంటోంది?

పదిహేనో శతాబ్దానికి చెందినదిగా భావించే హఠయోగ ప్రదీపికలో స్వాత్మారాముడు శవాసనాన్ని చెప్పాడు. అది బడలికను పోగొడుతుందని, చిత్తానికి విశ్రాంతినిస్తుందని ఆయన మాటల సారం. ఘేరండ సంహితలో ఇది మృతాసనంగా కనిపిస్తుంది.

ఆధునిక వైద్యమూ ఈ దారినే నడిచింది. అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జాకబ్సన్ కండరాలను వరుసగా బిగించి వదిలే పద్ధతిని 1929లో గ్రంథంగా వెలువరించాడు. బొంబాయి హృద్రోగ వైద్యుడు డాక్టర్ కె.కె. దాతే, ఆయన సహచరులు అధిక రక్తపోటు ఉన్నవారిచేత శవాసనం చేయించి, ఫలితాలను 1969లో ‘యాంజియాలజీ’ పత్రికలో ప్రకటించారు. పలువురికి రక్తపోటు తగ్గింది. కొందరికి వైద్యుల పర్యవేక్షణలోనే మందుల మోతాదు తగ్గించగలిగారు. 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబట్-జిన్, దీర్ఘకాలిక నొప్పులతో బాధపడేవారికి పాదం నుంచి తల వరకు దేహాన్ని గమనించే సాధన నేర్పడం ఆరంభించారు.

ఇందులోని కీలకం సులభమైనదే. భయంలో గుండె వేగం, శ్వాస వేగం, కండరాల బిగువు కలిసి పెరుగుతాయి. గుండెను ఆగమని మనం ఆజ్ఞాపించలేం. కాని శ్వాసను నెమ్మది చేయగలం, కండరాన్ని వదలగలం. ఆ రెండూ నెమ్మదిస్తే గుండె కూడా వాటి వెంట నెమ్మదిస్తుంది.

ఇలా ఆచరించండి

పొలం నుంచి, కల్లం నుంచి వచ్చినవారు ముందుగా చేతులకు కాస్త వంటనూనె రాసుకుని, సబ్బుతో కడగండి. మిరప ఘాటు నీటికి లొంగదు, నూనెలో కరుగుతుంది. స్నానం చేసి, భోజనానికి ముందు గాని, తిన్న రెండు గంటల తరువాత గాని చాప మీద వెల్లకిలా పడుకోండి. పాదాలు ఎడంగా, చేతులు దేహానికి కాస్త దూరంగా, అరచేతులు పైకి ఉంచండి. నడుము నొప్పి ఉన్నవారు మోకాళ్ల కింద దిండు పెట్టుకోండి. నెలలు నిండుతున్న గర్భిణులు ఎడమ వైపు తిరిగి పడుకోవాలి.

పిడికిళ్లు, భుజాలు, ముఖం ఒక్కొక్కటిగా బిగించి వదలండి. నొప్పి ఉన్న చోట బిగించవద్దు. తరువాత కుడిచేతి బొటనవేలు మొదలు ఒక్కొక్క అవయవం వద్ద మనసును క్షణకాలం నిలపండి. అక్కడ వెచ్చగా ఉందా, బరువుగా ఉందా, నొప్పిగా ఉందా? మార్చాలని ప్రయత్నించకండి, చూడండి చాలు. ఉచ్ఛ్వాసం కన్నా నిశ్వాసాన్ని కొంచెం దీర్ఘంగా సాగనివ్వండి. ఇష్టదైవ నామాన్ని నిశ్వాసంతో జోడించండి. పది పదిహేను నిమిషాల తరువాత కుడి పక్కకు ఒత్తిగిలి, నెమ్మదిగా లేవండి. మొదట్లో మనసు అప్పుల పుస్తకం తిరగేస్తుంది. విసుగుపడక, దూడను గాటికి తెచ్చినట్లు మళ్లీ తీసుకురండి.

కోటప్పకొండపై త్రికోటేశ్వరుడిని దక్షిణామూర్తిగా కొలుస్తాం. ఆ గురువు ఉపదేశించింది మౌనంతో. రోజుకు పావుగంట ఆ మౌనంలో ఉన్నవారికి దేహం కూడా తన మాట వినిపిస్తుంది. మోకాలి సలుపు కీలు అరిగేదాకా, తలనొప్పి రక్తపోటుగా బయటపడేదాకా ఆగకుండా, ముందే వైద్యుడి వద్దకు వెళ్లే వివేకం కలుగుతుంది.

ఇది మందుకు బదులు కాదు

ఒక్క మాట మరువకండి. శవాసనం చేస్తున్నామని రక్తపోటు మాత్రలను, మధుమేహం మందులను సొంతంగా మానకూడదు. ఛాతీలో నొప్పి వస్తే చాప పరచవద్దు, ఆసుపత్రికి వెళ్లండి. పురుగుమందు చల్లిన తరువాత కళ్లు తిరగడం, వాంతులు, నోటి వెంట చొంగ, చూపు మసకబారడం కనిపిస్తే అది బడలిక కాదు, విషప్రభావం. వెంటనే బట్టలు మార్చి, ఒళ్లు కడిగి 108కి ఫోన్ చేయండి.

కళ్లు మూసుకోగానే గుబులు పెరిగితే బలవంతం చేయకండి. కళ్లు తెరిచి, నడుస్తూ నామస్మరణ చేయండి. శవాసనం అప్పు తీర్చదు, ధర పెంచదు. బతుకే బరువనిపించే రాత్రి ఒంటరిగా ఉండవద్దు. ఇంట్లో ఒకరిని లేపండి. 2022లో ఆరంభమైన టెలీ మానస్ సేవ 14416 నంబరులో మన తెలుగులోనే మాట్లాడుతుంది. ఆ ఇంటి పెద్ద నిద్రపోకపోవడం గమనించిన ఇల్లాలు, బిడ్డలు అడగడానికి సంకోచించరాదు. ఆ అడగడమూ సేవే.

విశ్రాంతి కూడా నైవేద్యమే

తిరుమలలో రోజు చివరి సేవ ఏకాంతసేవ. భోగశ్రీనివాసమూర్తిని పాన్పుపై పవళింపజేసి, అన్నమాచార్య వంశీయుల జోలపాటతో నిద్రపుచ్చుతారు. మన ఊళ్ల ఆలయాల్లోనూ పవళింపు సేవ జరిగే చోట్లు ఎన్నో! లోకాలను ఏలే స్వామికి విశ్రాంతిని నియమించిన సంప్రదాయం, ఆయన కొలువున్న ఈ దేహాలయానికి దానిని నిరాకరిస్తుందా? మితిమీరిన నిద్ర, మితిమీరిన జాగరణ రెండూ యోగానికి అడ్డంకులేనని గీత ఆరో అధ్యాయంలో కృష్ణపరమాత్మ హెచ్చరించాడు.

కనుక ఈ రాత్రి దీపం కొండెక్కాక, దేవుడికి తలుపు వేశాక, చాప పరవండి. పగలంతా మోసిన చేతులను, నిలిచిన కాళ్లను, వంగిన నడుమును ఒక్కొక్కటిగా పలకరించి స్వామికి అప్పగించండి. కొసరి అడగవలసిన కోరిక ఏదీ లేదు. ఆయన ఇచ్చిన దేహాన్ని మరునాటి ధర్మానికి సిద్ధం చేయడమే ఆ వేళకు తగిన పూజ.