ఉపాధ్యాయుడి స్వేచ్ఛ ఎవరి పక్షాన?

1882లో హంటర్ కమిషన్‌కు ఇచ్చిన విజ్ఞాపనలో జ్యోతిరావు ఫూలే రెండు ప్రశ్నలను కలిపే అడిగారు: బడిలో ఏం చెప్పాలి? ఎవరు చెప్పాలి? ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు దాదాపు అందరూ బ్రాహ్మణులేనని ఎత్తిచూపారు. సేద్యగాళ్ల కులాల నుంచే ఉపాధ్యాయులకు శిక్షణనివ్వాలని, పాఠాల్లో వ్యవసాయానికీ ఆరోగ్యానికీ చోటుండాలని కోరారు.

నేటి వృత్తి శిక్షణ ఆ రెండింటినీ విడదీసింది. ప్రతి ఉపాధ్యాయుడికీ ఏటా 50 గంటల వృత్తి వికాసం ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. గంటలకు లెక్క దొరికింది సరే, ఆ గంటల్లో చర్చనీయాంశాన్ని నిర్ణయించేది ఎవరు?

విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ప్రకారం ఉపాధ్యాయుడు పాఠ్యప్రణాళికను గడువులోగా పూర్తిచేయాలి. 29వ సెక్షన్ ప్రకారం ఆ ప్రణాళిక రాజ్యాంగ విలువలకు అనుగుణంగా, పిల్లలను భయం నుంచి విముక్తం చేసేదిగా ఉండాలి. తనిఖీకి వచ్చినవారు సాధారణంగా అడిగేది మొదటిదాన్నే. రెండోదానికి రిజిస్టరు లేదు. అస్పృశ్యతను రద్దుచేసిన 17వ అధికరణ చెబుతుండగా, ‘మరి మా వాడకు శ్మశానం వేరెందుకు సార్?’ అని ఓ పిల్ల లేచి అడిగితే? సిలబస్‌ను అక్కడే ఆపి, ఆ పిల్లకు జవాబు చెప్పగల హక్కే వృత్తి స్వేచ్ఛ.

అయితే ఈ మాట వినగానే దళితులకు అనుమానం రావడం సహజం. ఓంప్రకాశ్ వాల్మీకి ‘జూఠన్’లో చదువుకోవడానికి వచ్చిన పిల్లవాడి చేత బడి ఆవరణ ఊడిపించిన హెడ్మాస్టర్‌కూ అడ్డూఅదుపూ లేని స్వేచ్ఛే ఉంది. అందుకే ఉపాధ్యాయుడి మాట కంటే అచ్చయిన పాఠాన్నే నమ్ముకోవడంలో న్యాయముంది. కానీ అచ్చుకూ భరోసా లేదు. 2022లో ‘హేతుబద్ధీకరణ’ పేరిట ఎన్‌సీఈఆర్‌టీ 6వ తరగతి చరిత్రలో వర్ణవ్యవస్థ భాగాన్ని కుదించింది. పుస్తకం తగ్గించినదాన్ని తరగతిలో నిలబెట్టగలిగేది ఉపాధ్యాయుడే.

కాబట్టి స్వేచ్ఛ ఇవ్వాలా వద్దా అన్నది అసలు తగవు కాదు. ఆ స్వేచ్ఛ ఎవరికి జవాబుదారీ అన్నదే తేల్చుకోవాలి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు పైనుంచి వచ్చిన మాడ్యూళ్లను వల్లించడం మాని, తరగతిలో పిల్లలు వేసిన ప్రశ్నలతో మొదలుకావాలి. వాటి ఎజెండాను నిర్ణయించడంలో దళిత, ఆదివాసీ ఉపాధ్యాయులకు ముందు స్థానం ఉండాలి. పాఠాన్ని ఎందుకు మార్చారో పాఠశాల యాజమాన్య కమిటీకి చెప్పాలి. ఆ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, సంరక్షకులే ఉండాలని, అణగారిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు తగిన వాటా ఉండాలని 21వ సెక్షన్ చెబుతోంది. మరుగుదొడ్ల గురించీ, మధ్యాహ్న భోజనం గురించీ పిలిచి అడిగే ఆ తల్లులను పాఠం గురించి కూడా అడగాలి.