పెద్ద మోడల్ విమానంలో అర మిల్లీమీటరు వదులుంటే ఏమవుతుంది?

జర్మనీకి చెందిన వాల్టర్ ఎక్స్‌ట్రా రూపొందించిన విన్యాసాల విమానం ఎక్స్‌ట్రా 300. దాని రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 8 మీటర్లు. మూడో వంతుకు కుదించి రేడియోతో నడిపే మోడల్ చేసినా సుమారు 2.7 మీటర్లుంటాయి. అంత పెద్దది కట్టేవాళ్లు ముందు ఇంజిన్ గురించే మాట్లాడుకుంటారు. నిజానికి ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది రెక్క వెనక అంచున పైకీ కిందికీ ఆడే పలక, అంటే ఎయిలరాన్ మీద. దాన్ని తిప్పేది సర్వో అనే చిన్న మోటారు. సర్వో చేతికీ, పలక కింద మీటలా బిగించిన హార్న్‌కీ మధ్య సన్నటి కడ్డీ ఉంటుంది. హార్న్ పొడవు 25 మిల్లీమీటర్లు, కడ్డీ కీళ్లలో వదులు అర మిల్లీమీటరు అనుకోండి. పలక వెడల్పు 150 మిల్లీమీటర్లయితే దాని వెనక అంచు ఏకంగా 3 మిల్లీమీటర్లు ఊగుతుంది. విమానం వేగంగా కిందికి దూకేటప్పుడు గాలి ఆ ఊపును అందుకుంటే రెక్క వణుకు, పలక వణుకు ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. ఇదే ఫ్లటర్. క్షణాల్లో పలక ఊడిపోవచ్చు.

చిన్న థర్మోకోల్ మోడళ్లు వదులుగా ఉన్నా ఎగురుతున్నాయిగా అంటారేమో. కొలతలన్నీ రెట్టింపు చేస్తే పలక వైశాల్యం 4 రెట్లవుతుంది, గాలి తోసే చోటు, పలకను రెక్కకు కలిపే కీలు నుంచి 2 రెట్ల దూరం జరుగుతుంది. అంటే అదే వేగంలో మెలితిప్పే బలం 8 రెట్లు! వేగం కూడా రెట్టింపైతే అది మళ్లీ 4 రెట్లు. పోనీ, బలమైన సర్వో వేస్తే సరిపోదా? అదీ కావాలి. కానీ వదులు సర్వోకూ పలకకూ మధ్య ఉన్నప్పుడు, సర్వో ఎంత గట్టిగా పట్టుకున్నా పలక ఆడుతూనే ఉంటుంది. అందుకే కడ్డీ కొసల్లో ఆట లేని బాల్ లింకులు, పొడవైన హార్న్ వాడతారు. హార్న్‌ను 50 మిల్లీమీటర్లు చేస్తే ఊపు సగమవుతుంది. పలక తిరిగే కోణమూ తగ్గుతుంది కాబట్టి సర్వో చేతినీ ఆ మేరకు పొడిగించాలి.