వంచిన జామకొమ్మకు చలికాలపు కాపు

వానాకాలంలో జామతోటలో కాయకు కరువుండదు. చెట్టు కింద రాలినవి రాలినట్లే వుంటాయి. కోసి బజారుకు తెస్తే అడిగే నాథుడుండడు. నీరు పట్టి చప్పబడిన ఆ కాయను కొరికితే లోపల తెల్లని పురుగు కనిపించడం కూడా కద్దు. పండు ఈగ పెట్టిన గుడ్లలోంచి వచ్చిన పురుగది. అదే చెట్టు కార్తీకం దాటాక ఇచ్చే కాయ గట్టిగా, తియ్యగా వుంటుంది. పురుగు బెడద తక్కువ. బేరగాడు తోట దగ్గరకే వస్తాడు.

ఈ రెండో కాపును రాబట్టేందుకు పశ్చిమ బెంగాల్‌లో కలకత్తాకు దక్షిణాన వున్న బారుయీపూర్ జామ రైతులు ఒక పద్ధతి పాటిస్తున్నారు. చెట్టు కొమ్మలను నేలవైపు వంచి తాళ్లతో కట్టివేయడమే ఆ పద్ధతి. కత్తెర పని తక్కువ, ఖరీదైన మందుతో పని లేదు. కావలసిందల్లా తాడు, గూటం, ఓపిక. జామకు పేరుపడిన కోహీర్ మన సంగారెడ్డి జిల్లాలోనిదే. కోహీర్ జామను, అలహాబాద్ సఫేదాను సంకరపరచి సంగారెడ్డి పండ్ల పరిశోధనా స్థానం వారు 'కోహీర్ సఫేదా', 'సఫేద్ జామ్' అనే రకాలను రూపొందించారు. మేలు రకం నాటినా కాపు వానల్లోనే వస్తే రైతుకు మిగిలేది తక్కువే.

జామ పువ్వు పాత కొమ్మమీద పూయదు. కొత్తగా వచ్చిన చిగురులో, ఆకు మొదట్లో పూస్తుంది. కాబట్టి చిగురు ఎప్పుడు వేయిస్తే కాపు అప్పటినుంచి లెక్క. నిటారుగా పెరిగే కొమ్మలో కొన మొగ్గదే పెత్తనం. అక్కడ తయారై కిందికి దిగే ఒక పదార్థం దిగువ కణుపుల్లోని మొగ్గలను నిద్రలోనే వుంచుతుంది. కొమ్మను అడ్డంగా వంచితే కొన పెత్తనం సడలి, పై వైపునున్న మొగ్గలన్నీ లేస్తాయి. పొట్లతీగను పందిరి మీద పారించే ఇల్లాలికి ఇది కొత్త సంగతేమీ కాదు. పైకి ఎగబాకినంతసేపు పక్కకొమ్మ వేయని తీగ, పందిరెక్కి పరుచుకున్నాక గదా పిలకలు వేసేది!

చలికాలపు కాపు కావాలంటే ఏప్రిల్ నుంచి జూన్ లోపల కొమ్మ వంచాలి. ముందుగా ఆ కొమ్మమీది పూతను, పిందెలను, సన్నని పక్క రెమ్మలను తీసివేయాలి. వానాకాలపు పిందెను చేతులారా తుంచడానికి ఎవరికైనా ప్రాణం ఒప్పదు. కాని రెండు కాపులూ కావాలంటే ఏదీ సరిగా రాదు. కొన దగ్గర ఒక అడుగు మేర ఆకులు వుంచి, కింది ఆకులను దూసివేయాలి. తర్వాత కొమ్మను రెండు చేతులతో పట్టుకుని, మొదలు చిట్లకుండా మెల్లమెల్లగా దించాలి. మొండికేసే కొమ్మను ఒక్కరోజులో వంచనక్కరలేదు. ఇవాళ సగం దించి కట్టి, నాలుగు రోజులాగి మిగతాది దించవచ్చు. తాడును భూమిలో దిగగొట్టిన గూటానికి గాని, పక్క కొమ్మకు గాని కట్టాలి. తాడు కింద గోనె పీలిక చుడితే బెరడు ఒరుసుకుపోదు. ముదురు చెట్ల లావు కొమ్మలు వంగవు, విరుగుతాయి. వాటి జోలికి పోకపోవడమే మంచిది. పొరపాటున కొమ్మ విరిగితే నున్నగా కోసి, కోతకు బోర్డో పేస్టు పూయాలి.

రెండు మూడు వారాల్లో కొమ్మ పొడవునా చిగుళ్లు వరుస కడతాయి. వంచిన నలభై అయిదు నుంచి అరవై రోజులకు పూత కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో వంచిన కొమ్మ అక్టోబరు నుంచి డిసెంబరు లోపల కోతకు వస్తుంది.

చిక్కంతా నీటి దగ్గరే. చిగురు వేసే వేళకు చెట్టుకు తడి అందాలి. ఏప్రిల్, మే నెలల్లో బోరు అడుగంటే తోటల్లో కొమ్మలు వంచి, ఆకు దూసి వదిలేస్తే చెట్టు నీరసిస్తుంది. అలాంటివారు తొలకరి పడేదాకా ఆగి జూన్‌లో వంచడం నయం. కాపు కొంచెం వెనకబడినా చెట్టు దక్కుతుంది. బాగా మాగిన పశువుల ఎరువు కూడా ముందే పాదుల్లో వేసి వుంచాలి. చిగురూ కాయా రెండూ దానిమీదే ఆధారం.

కూలి సంగతి కూడా చూసుకోవాలి. ఒక్కో చెట్టుకు పదీ పదిహేను కొమ్మలు దించి కట్టాలంటే మనిషికి పొద్దు చాలదు. ఎకరాల తోట వున్నవారు మొత్తం ఒకేసారి మొదలుపెట్టి సగంలో వదిలేయడంకంటె, మొదటి ఏడు నాలుగు చెట్లను వంచి, మిగతావాటిని మామూలుగా వుంచి చూసుకోవడం మేలు. పెరట్లో ఒకటే చెట్టున్న ఇంటివారికి ఈ బాధ లేదు. పిల్లలు కొమ్మకు వేలాడకుండా చూసుకుంటే చాలు.

పూమొగ్గ కనబడ్డాక కట్లు విప్పాలి. విప్పినా కొమ్మ పూర్తిగా పైకి లేవదు, చాలావరకు వంగినట్లే వుంటుంది. విప్పడం మరచిన తాడు, కొమ్మ లావెక్కేకొద్దీ బెరడులోకి దిగుతుంది. అప్పుడు పైన కాయలుండగానే కొమ్మ ఎండిపోతుంది.