యంత్రానికి జ్వరమానిని

శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళిలో కొత్తమ్మతల్లి జాతర జరిగే రోజుల్లో వీధుల్లో వాహనం కదలడమే కష్టం. ఆ రద్దీలో మోటారు సైకిలు అడుగులో అడుగు వేస్తూ సాగుతుంది. లోపల ఇంజను మాత్రం మండుతూనే ఉంటుంది. ఎదురుగాలి తగిలితేనే చల్లబడే యంత్రం అది. బండి ఆగితే గాలీ ఆగుతుంది. పాత బజాజ్ ఆటోకు ఈ ఇబ్బంది కొంత తక్కువ. ఇంజనుతోపాటు తిరిగే ఫ్యాను, బండి నిలిచి ఉన్నా గాలి విసురుతుంది.

పెట్రోలు మండినప్పుడు సిలిండరులోని వాయువుల వేడి ఒక్క క్షణం 2000 డిగ్రీల సెంటీగ్రేడును దాటుతుంది. సిలిండరుకు మూతవలె ఉండే భాగాన్ని 'హెడ్' అంటారు. అది సాధారణంగా అల్యూమినియం మిశ్రమలోహంతో చేసినది. అల్యూమినియం 660 డిగ్రీల వద్ద కరుగుతుంది. అంతకు చాలా ముందే దాని బలం సన్నగిల్లుతుంది. అందుచేత వేడిని వెంటవెంటనే బయటికి పంపడానికి హెడ్‌కు పలుచని రెక్కలు పోతపోస్తారు. మెకానిక్కులు వీటిని 'ఫిన్స్' అంటారు. ఎగరడానికి పనికిరాని ఈ రెక్కలే యంత్రం ప్రాణాన్ని నిలుపుతాయి.

నీటితో చల్లబడే కారు వేడెక్కితే ఆవిరి చిమ్మి హెచ్చరిస్తుంది. గాలితో చల్లబడే ఇంజనుకు అటువంటి నోరు లేదు. నివురుగప్పిన నిప్పువలె వేడి లోలోపల పెరిగి, పిస్టను బిగుసుకుపోయిన తరువాతనే సంగతి బయటపడుతుంది. ఆటోయే జీవనాధారమైన వ్యక్తికి అది మరమ్మతు ఖర్చుతో తీరదు. బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ కూలి ఉండదు.

ఈ జాతి కార్లలో ప్రసిద్ధమైనది ఫోక్స్‌వాగన్ బీటిల్. రెండు కోట్ల పది లక్షలకు పైగా తయారైన ఈ కారు ఉత్పత్తి 2003లో మెక్సికోలో ముగిసింది. విచిత్రమేమంటే, దానిలో ఇంజను వేడిని చూపే మీటరే లేదు. ఫ్యానును, జనరేటరును ఒకే బెల్టు తిప్పుతుంది. కాబట్టి జనరేటరు ఎర్రదీపం వెలిగితే బెల్టు తెగి ఉండవచ్చునని గ్రహించి కారును వెంటనే ఆపాలి. పాత నమూనాలలో ఆయిల్ కూలరు గాలిదారికి అడ్డుగా ఉండి, మూడవ సిలిండరుకు చల్లని గాలి తక్కువగా అందేది.

అందువల్ల ఈ కార్లను భద్రపరచుకొనేవారు మూడవ సిలిండరు స్పార్క్ ప్లగ్గు కింద ఒక లోహపు ఉంగరాన్ని అమర్చుతారు. దానికి రెండు భిన్న లోహాల తీగలు అతికి ఉంటాయి. అతుకు వేడెక్కితే తీగలలో స్వల్ప విద్యుత్తు పుడుతుంది. 1821లో సీబెక్ గుర్తించిన ధర్మమిది. ఈ సాధనాన్ని థర్మోకపుల్ అంటారు.

ఇక్కడొక మెలిక ఉంది. థర్మోకపుల్ కొలిచేది వేడిని కాదు, రెండు కొనల మధ్య వేడి తేడాను. చల్లని కొన 24 డిగ్రీల వద్ద ఉంటుందని భావించి తయారుచేసిన సాధారణ మీటరును వైశాఖమాసపు ఎండలో 40 డిగ్రీల కారులో చూస్తే, అది 16 డిగ్రీలు తక్కువ చూపుతుంది. ముల్లు 190 వద్ద ఉంటే నిజమైన వేడి 206 అన్నమాట. ఈ తేడాను తానే సవరించుకొనే మీటర్లూ ఉన్నాయి. కొనేముందు ఆ విషయం తెలుసుకోవడం మేలు.

అంకె కంటే దాని నడకను గమనించడం ముఖ్యం. రోజూ ఒకే దారిలో నిలకడగా ఉండే ముల్లు ఒకనాడు ఎక్కువగా లేస్తే కారణం వెదకాలి. హెడ్ వేడి నిమిషాలలోనే మారుతుంది. ఆయిల్ వేడి ఆలస్యంగా పెరుగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు టాప్ గేరులో ఈడ్చడం తగదు. ఇంజను మెల్లగా తిరిగితే ఫ్యానూ మెల్లగానే తిరుగుతుంది, భారం మాత్రం తగ్గదు. గేరు తగ్గిస్తే గాలి పెరిగి ముల్లు దిగుతుంది.

అప్పటికీ దిగకపోతే బెల్టు బిగువును, ఇగ్నిషన్ టైమింగును, కార్బురేటరు నుంచి పెట్రోలు తగినంత అందుతున్నదీ లేనిదీ చూడాలి. వరి నూర్పుల కాలంలో మాత్రం ముందుగా రెక్కల సందులను చూడడం మంచిది. ఊక, దుమ్ము, కారిన ఆయిల్ కలిసి అక్కడ గట్టి పొరగా పేరుకొంటాయి.