పూలబుట్ట దించి సముద్రం ఒడ్డున ఒక రాత్రి

విశాఖపట్నం: ఆనందపురం పూల బజారు చుట్టుపక్కల రైతులకు విశాఖపట్నం కొత్త ఊరు కాదు. కోర్టు పనికి, ఆసుపత్రికి, పిల్లల చదువులకు, పెళ్లి బట్టలకు ఏడాదికి ఎన్నిసార్లు వచ్చి వెళతారో లెక్క ఉండదు. అయితే వచ్చినవారు వచ్చినట్టే సాయంత్రం బస్సుకు తిరుగుముఖం పట్టడం వాడుక. ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరానికి నగరంలో రాత్రి బస ఎందుకన్నది పల్లె లెక్క.

ఆ లెక్క కొద్దికొద్దిగా మారుతున్నది. బంధువుల ఇల్లు కాదు, తీర్థం కాదు, ఆసుపత్రి అవసరమూ కాదు. ఊరికే రెండు రోజులు బీచ్ రోడ్డులోని హోటల్లో దిగి, తిని, పడుకుని, సముద్రం చూసి వెళ్లే కుటుంబాలు పల్లెల నుంచి కూడా కానవస్తున్నాయి. సంక్రాంతి వెళ్లిన వారంలో అలా వచ్చిన ఒక పూల రైతు కుటుంబం అనుభవం మిగతావారికీ పనికివచ్చేదే.

ఆ రైతుకు అరవై నిండాయి. పదిమందిని పిలిచి భోజనాలు పెడదామంటే ఆయన ఒప్పుకోలేదు. నగరంలో ఉద్యోగం చేస్తున్న కొడుకు అందులో సగం డబ్బుతో తల్లిదండ్రులను, భార్యాబిడ్డలను ఒక రాత్రి సముద్రం ఎదుట ఉంచుతానన్నాడు. తల్లి మొదట ససేమిరా అన్నది. "గంటలో ఇంటికెళ్లిపోతాం గదరా. అద్దిచ్చి తొంగోడమేటి?" అన్నది ఆమె ప్రశ్న.

ఆమెకు సముద్రమంటే రెండే గుర్తులు. ఒకటి ఆషాఢ పున్నమికి సింహాచలం అప్పన్న గిరి ప్రదక్షిణ. 32 కిలోమీటర్ల ఆ నడకలో అప్పూఘర్ వద్ద మూడు మునకలు వేసి తడిబట్టలతోనే ముందుకు సాగడం. రెండవది మాఘ పున్నమి సముద్ర స్నానం. సముద్రం ముందు తీరిగ్గా కూర్చున్నది మాత్రం ఎన్నడూ లేదు.

తాళం లేని తలుపు

హోటల్లో అడుగు పెట్టగానే పెద్దవాళ్లందరి ఆధార్ కార్డులు అడిగారు. కొడుకు ముందే చెప్పి తెప్పించాడు గనుక ఇబ్బంది రాలేదు. గుర్తింపు కార్డు లేకుంటే గది ఇవ్వరన్నది చాలామందికి తెలియక వెనుదిరుగుతున్నారు. గది ఇచ్చే వేళ, ఖాళీ చేసే వేళ హోటలు హోటలుకూ మారుతుంది. ఎక్కువ చోట్ల మధ్యాహ్నం ఇచ్చి, మర్నాడు పగటిపూట పన్నెండు లోపు ఖాళీ చేయిస్తారు. రోజు అద్దె అంటే 24 గంటలని అనుకుని తెల్లవారుజామునే వచ్చి వరండాలో పడిగాపులు పడేవారు ఈ సంగతి ముందే కనుక్కోవాలి.

తాళం చెవికి బదులు అట్టముక్కంత కార్డు ఇచ్చారు. దానిని గోడలోని గూట్లో పెడితేనే దీపాలు వెలుగుతాయి. తీస్తే అన్నీ ఆరిపోతాయి. పెద్దాయన దానిని భద్రంగా జేబులో వేసుకుని, కరెంటు పోయిందని పావుగంట సేపు చీకట్లోనే కూర్చున్నాడట. మనుమడు వచ్చి కార్డు గూట్లో పెట్టేసరికి అంతా నవ్వుకున్నారు.

తల్లి పక్క దుప్పటి మడత పెట్టబోయింది. తడిచీర ఆరవేయడానికి తీగ కోసం వెతికింది. మరునాడు పొద్దున పొయ్యి వెలిగించే పని లేదని తెలిసి కాసేపు ఏమీ తోచక కిటికీ దగ్గర నిలబడింది. పెళ్లయిన తరువాత ఆమె వండకుండా పూట గడిచింది పురుళ్లప్పుడు, జ్వరాలప్పుడు మాత్రమేనని కొడుకు చెప్పాడు.

సాయంత్రం అందరూ ఇసుకలోకి దిగారు. మురీ మిక్చరు పొట్లాలు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, పిల్లలకు గుర్రం సవారీ. పక్కనే ఒడ్డుకు చేర్చి నిలిపిన కురుసుర జలాంతర్గామి. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి 2001 ఫిబ్రవరి వరకు పనిచేసిన ఆ నౌక 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్నది. 91 మీటర్ల పొడవున్న ఆ గొట్టంలో నావికులు ఎలా పడుకునేవారో, ఎలా వండుకునేవారో లోపల తిరిగి చూడవచ్చు. సోమవారం సెలవు. రోడ్డుకు అవతలి పక్కన టీయూ-142 విమానం 2017 డిసెంబరు నుంచి ప్రదర్శనలో ఉన్నది. 1971 యుద్ధ విజయ స్మారకం కూడా ఆ దగ్గరలోనే. ఆ యుద్ధంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి ఈ తీరానికి దగ్గరలోనే మునిగింది.

రాత్రి కిటికీలోంచి చూస్తే నీటి మీద వరుసగా దీపాలు. రేవులోకి పిలుపు కోసం లంగరు వేసి ఆగిన ఓడలవి. దూరంగా ఏదో ఊరి తీర్థం జరుగుతున్నట్టున్నదని తల్లి అన్నది. అలల చప్పుడుకు నిద్రపట్టలేదని ఆమె, అంత మంచి నిద్ర ఏనాడూ పట్టలేదని ఆయన.

తెల్లవారి జరిగినది

పొద్దున సూర్యోదయం చూడడానికి వెళ్లినప్పుడు మాత్రం ఈ రెండు రోజుల ముచ్చట కాస్తలో విషాదం కావలసింది. పదేళ్ల మనుమడు నీళ్లలోకి దిగాడు. అటూ ఇటూ అలలు విరుగుతున్నాయి. మధ్యలో కొంతమేర నీరు చెరువులా నిమ్మళంగా ఉన్నది. అక్కడైతే భయం లేదని పెద్దాయనే అటు పంపాడు. మోకాలి లోతులో ఉన్న పిల్లవాడు చూస్తుండగానే నడుము లోతుకు, ఆపైన కాళ్లు ఆనని చోటికి జారాడు. పరుగెత్తబోయిన తండ్రిని ఒడ్డున వల సర్దుకుంటున్న జాలరి ఒకాయన చేయిపట్టి ఆపాడు. తాడు కట్టిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బాను విసిరి, పిల్లవాడు దానిని కరుచుకున్నాక పక్కకు నడుస్తూ లాగాడు. పిల్లవాడు ఉప్పునీళ్లు కక్కి, వణుకుతూ బయటపడ్డాడు.

ఈ తీరంలో ప్రాణాలు పోతున్నది చాలావరకు ఇలాగే. అలలు తెచ్చి ఒడ్డున కుమ్మరించిన నీరు మళ్లీ సముద్రంలోకి పోవాలి గదా. ఇసుక మేటల నడుమ పల్లంగా ఉన్నచోట అది కాలువలా కూడుకుని వేగంగా వెనక్కి మళ్లుతుంది. ఆ కాలువ లోతుగా ఉండడం వల్ల అక్కడ అల విరగదు. పైకి నీరు నిమ్మళంగా అగుపిస్తుంది. చెరువులో ఈత నేర్చిన పల్లెవాసి కళ్లకు అదే మంచి చోటులా తోస్తుంది.

ఆ ప్రవాహం మనిషిని కిందికి ముంచదు, లోనికి ఈడ్చుకుపోతుంది. ఒడ్డు వైపు ఎదురీదినవాడు ఎంత గజ ఈతగాడైనా అలసిపోయి మునుగుతాడు. ఒడ్డుకు సమానంగా పక్కకు ఈదాలి. కాలువ వెడల్పు దాటితే అలలే ఒడ్డుకు తెస్తాయి. ఈత రానివారు వెల్లకిలా తేలుతూ చేయి పైకెత్తాలి. ఒడ్డున ఉన్నవారు వెనుకనే దూకరాదు. ఒకరిని రక్షించబోయి ఇద్దరు ముగ్గురు పోయిన సంఘటనలు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. తాడు, టైరు ట్యూబు, మూత బిగించిన ఖాళీ డబ్బా ఏది దొరికితే అది విసరాలి. 112కు ఫోను చేయాలి. కోస్టు గార్డు నంబరు 1554.

అన్నిటికన్నా ముందు, నీళ్లలోకి దిగేముందు అక్కడి జాలర్లను, కాపలా ఉన్న గజ ఈతగాళ్లను అడగాలి. ఇసుక మేటలు రోజుకో చోటికి మారుతుంటాయి. నిరుడు గిరి ప్రదక్షిణలో మునిగిన చోటే గదా అని ధీమా పనికిరాదు. ఈ తీరంలో ఇసుక పోక, రాక కూడా పాత కథే. 1976లో ఔటర్ హార్బరు వచ్చిన తరువాత దక్షిణం నుంచి ఉత్తరానికి కదిలే ఇసుకకు రాతికట్టలు అడ్డుపడ్డాయి. అక్కడ పేరుకున్న ఇసుకను పోర్టువారు తవ్వి బీచ్‌కు చేర్చుతుంటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 180 కిలోమీటర్ల వరకు గాలితో తీరం దాటినప్పుడు ఇదే రోడ్డులోని హోటళ్ల అద్దాలు పగిలి నేలరాలాయి. వాయుగుండం హెచ్చరిక ఉన్న రోజుల్లో గది ముందే తీసుకున్నా ప్రయాణం మానుకోవడమే మేలు.

బిల్లు చూసి కట్టాలి

గది ఖాళీ చేసేటప్పుడు బిల్లును కోడలు వరుసగా చదివింది. పల్లె నుంచి వచ్చేవారంతా ఆ పని చేయాలి. గది అద్దె రోజుకు 7,500 రూపాయల వరకు ఉంటే దానిపై జీఎస్టీ 5 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇది అమలులో ఉన్నది. అంతకు మించితే 18 శాతం. అంటే 4,000 గదికి పన్ను 200 రూపాయలు, 8,000 గదికి 1,440 రూపాయలు. భోజనం బిల్లులో సర్వీసు చార్జీ అని వేస్తే అది పన్ను కాదు. దానిని బలవంతంగా కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో చెప్పగా, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దానిని సమర్థించింది. తీసివేయమని అడగవచ్చు. తీయకుంటే 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు.

ఉదయం ఫలహారం అద్దెలోనే కలిసి ఉన్నదా, పిల్లలకు వేరే పక్క వేస్తే ఎంత, రాలేకపోతే డబ్బు తిరిగి ఇస్తారా అన్నవి గది తీసుకునే ముందే అడగాలి. శని, ఆదివారాల్లో, పండుగ సెలవుల్లో అద్దె పెరుగుతుంది. వారం నడుమ తగ్గుతుంది. పొలం పనికి ఆదివారం సెలవు లేదు గనుక మంగళవారమో బుధవారమో రావడం పల్లెవారికే లాభం. గదిలోని చిన్న ఫ్రిజ్‌లో ఉన్నవి తీసుకుంటే విడిగా డబ్బు కట్టాలన్నది కూడా గుర్తుంచుకోవాలి.

అంత ఖర్చు పెట్టలేనివారు చిన్నబుచ్చుకోవలసిన పని లేదు. సముద్రానికి ఎదురుగా కిటికీ ఉన్నందుకే అద్దె. ఇసుక, సూర్యోదయం అందరివీ. రైల్వే స్టేషన్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లే బస్సెక్కితే ఋషికొండ, భీమిలి తీరాలు కూడా ఒక్కరోజులో చూసి రావచ్చు.

మధ్యాహ్నానికి ఆ కుటుంబం ఊరు చేరింది. మర్నాటి బజారుకు తెల్లవారకముందే పూలు కోయాలి. రచ్చబండ దగ్గర హోటలు సంగతులు అడిగినవారికి పెద్దాయన ముందుగా చెప్పింది నీళ్లు నిమ్మళంగా ఉన్న ఆ చోటు గురించి. వచ్చే ఆషాఢ పున్నమికి అప్పూఘర్ వద్ద మునిగే ముందు ఊరివాళ్లంతా జాలర్లను అడిగి మరీ దిగాలని ఆయన పట్టుబట్టి చెబుతున్నాడు.