ఇంటి కంప్యూటరులో పిలువని పేరంటాండ్రు

మధ్యాహ్నము ఇంటిపనులు ముగించుకొని, కరెంటు బిల్లు చెల్లింతమనియో, పిల్లవాని ఫీజు రసీదు తీసికొందమనియో కంప్యూటరు ముందు కూర్చుందుము. మనమింకను ఏ మీటయు నొక్కక మునుపే లోపలి ఫాను గిర్రున తిరుగ నారంభించును. తెర కదలదు. బాణపు గుర్తు ప్రక్కన చిన్న చక్రము తిరుగుచునే యుండును. ఇంతలో తెర మూలనుండి ఒక చీటీ పైకి వచ్చి, క్రొత్త అప్డేటు సిద్ధముగా నున్నదని చెప్పును. దానిని మూసితిమా, మఱియొకటి వచ్చును. సెల్‌ఫోను హాట్‌స్పాటుతో కంప్యూటరు నడుపుకొను ఇండ్లలో నైతే, సాయంకాలమునకు ఆనాటి డేటా యంతయు చెల్లిపోయినదని సందేశము కూడ వచ్చును. మనము చేసిన పని ఒక్క బిల్లు; అయిన ఖర్చు గిగాబైటున్నర.

ఇది వైరసు కాబోలునని కొందఱు భయపడుదురు. యంత్రము పాతదైనది, క్రొత్తది కొనవలెనని ఇంకొందఱు తలంతురు. అనేక గృహములలో ఈ రెండును కారణములు కావు. మన మొక ప్రోగ్రామును కంప్యూటరులో పెట్టుకొన్నప్పుడు, దాని వెంట అప్డేటరు అను చిన్న తోడు ప్రోగ్రాము ఒకటి తనంతట వచ్చి చేరును. తన కంపెనీ యంత్రమును అప్పుడప్పుడు పలుకరించి, క్రొత్త కూర్పు వచ్చినదా యని యడుగుట, వచ్చినచో దానిని దింపుకొనుట, ఇంతియే దాని పని. ప్రింటరుతో నొకటి, పీడీఎఫ్ చదువు ప్రోగ్రాముతో నొకటి, జావాతో నొకటి, ఫోనును కలుపు ప్రోగ్రాముతో నొకటి, పిల్లల ఆటలతో మఱి రెండు. ఒక్కొక్కటి స్వల్పమే. కాని ప్రతిదియు ఈ యింటిలో తానొక్కతెనే యున్నానని తలంచి, కంప్యూటరు వెలిగిన తక్షణమే పనికి దిగును. నాలుగు గిగాబైట్ల మెమొరీయు, పాతకాలపు తిరుగుడు హార్డ్ డిస్కును గల యంత్రమునకు ఈ గుంపు మోయరాని బరువు. ఎస్ఎస్డీ గల క్రొత్త యంత్రములకు శ్రమ యంతగా తెలియదు. డేటా ఖర్చు మాత్రము రెంటికిని ఒక్కటియే.

ఐనను, విసుగుపుట్టి అన్నిటిని ఒక్కసారిగా ఆపివేయుట ఎలుకలున్నవని ఇల్లు తగులబెట్టుకొనుట వంటిది. 2017వ సంవత్సరము మే 12వ తేదీన వానాక్రై అను దుష్ట ప్రోగ్రాము ప్రపంచమున నలుమూలల కంప్యూటర్లలో దూరి, అందలి ఫైళ్లకు తాళము వేసి, డబ్బిచ్చిన గాని విడువనని కూర్చుండెను. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను వెనుకకు పంపవలసి వచ్చెను. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్నియు దాని వాత పడినవి. విచారకరమైన సంగతి యేమనగా, అది దూరిన కన్నమును పూడ్చు అప్డేటును మైక్రోసాఫ్టు కంపెనీ ఆ యేడు మార్చి 14వ తేదీననే, అనగా రెండు నెలలకు ముందుగానే, విడుదల చేసియుండెను. దానిని వేసికొన్న యంత్రములలోనికి ఆ కన్నము గుండ వానాక్రై రాలేకపోయెను. వేసికొననివారు, వేయకుండ ఆపుకొన్నవారు చిక్కుపడిరి. పిల్లల చిన్ననాటి ఫోటోలు, ఇంటి దస్తావేజుల నకళ్లు అన్నియు ఒకే కంప్యూటరులో దాచుకొను మన గృహములకు ఇట్టి నష్టము తీర్చరానిది.

దీనికి మారుముఖము కూడ కలదు. అదే 2017 జూను నెలలో ఉక్రెయిను దేశమున పన్నుల లెక్కలు వ్రాయు ఒక ప్రోగ్రాముయొక్క అప్డేటులోనే దుండగులు విషము కలిపిరి. నాట్‌పెట్యా యను ఆ యుపద్రవము అచ్చటినుండి అనేక దేశములకు ప్రాకెను. 2019 మార్చిలో బయటపడిన ఇంకొక వ్యవహారమున ఏసస్ కంప్యూటర్ల తోడి అప్డేటరు ద్వారముననే చెడు ప్రోగ్రాము ఇండ్లకు చేరెను. అనగా ప్రతి అప్డేటరును మన యింటికి పెట్టిన యొక పెరటిగుమ్మము. అవసరమైన గుమ్మములు ఉండవలెను, అక్కఱలేనివి మూయవలెను. కావున ఎన్ని ఆపితిమన్నది కాక, ఏవి ఉంచి ఏవి ఆపితిమన్నదే ముఖ్యము.

మా యభిప్రాయమున మూడింటిని ఎన్నడును ఆపరాదు. మొదటిది విండోస్ అప్డేటు. రెండవది మనము ఇంటర్నెట్టు చూచు బ్రౌజరు. బ్యాంకుపని అంతయు దాని చేతులమీదుగానే జరుగును గదా. జాబితాలలో గూగుల్ అప్డేటరు, మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ అప్డేట్ అను పేర్లు కనిపించినచో అవి బ్రౌజర్లకు చెందినవని యెఱిగి వాని జోలికి పోరాదు. మూడవది వైరసులను పట్టు ప్రోగ్రాము. విండోస్‌లోనే డిఫెండరు అనునది యుండగా, కంప్యూటరు కొన్ననాడు వెంట వచ్చి, గడువు తీరి, ప్రతిదినము డబ్బు కట్టుమని వేధించు మఱియొక దానిని పెట్టుకొననక్కఱలేదు. దానిని తీసివేసిన తరువాత డిఫెండరు మేల్కొని యున్నదా యని మాత్రము చూచుకొనవలెను.

తక్కినవానికి మొదటి చికిత్స ఆపుట కాదు, ప్రోగ్రామునే సాగనంపుట. ప్రోగ్రాము పోయినచో దాని అప్డేటరును సాధారణముగా దానితోనే పోవును. సెట్టింగ్స్ తెఱచి, యాప్స్ అను చోట ఇన్‌స్టాల్డ్ యాప్స్ జాబితా చూడుడు; విండోస్ 10లో అది యాప్స్ అండ్ ఫీచర్స్ అను పేర నుండును. ఎన్నడో పారవేసిన ప్రింటరుదియు, అమ్మివేసిన ఫోనుదియు అచ్చట ఇంకను కొలువుండుట చూచి మీకే యాశ్చర్యము కలుగును. ఫ్లాష్ ప్లేయరుకు దాని కంపెనీయే 2020 డిసెంబరుతో స్వస్తి చెప్పినది. అది యింకను కనిపించినచో నిస్సంశయముగా తీసివేయవచ్చును. పీడీఎఫ్ కాగితములు చదువుటకు మాత్రమే యైతే బ్రౌజరే చాలును. అయితే జావా వంటివానిని తీయునప్పుడు ఇంటిలో ఎవరికైన ఆఫీసుపనికి అది కావలెనా యని యడుగక తీయరాదు. పెద్దవారి పని నిలిచిపోయిన పిమ్మట, ఈ కంప్యూటరు ముట్టవద్దను మాట మనమే పడవలసి వచ్చును. ఇండ్లలో ఆ మాట యెంత సులభముగా వచ్చునో పాఠకురాండ్రకు మేము చెప్పనక్కఱలేదు.

ఉంచదలచిన ప్రోగ్రాముల తోడును అదుపుచేయుటకు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను ఒక్కసారి నొక్కుడు. టాస్క్ మేనేజరు తెఱచుకొనును. అందు స్టార్టప్ అను భాగమున, కంప్యూటరు వెలిగినంతనే లేచువాని పేర్లన్నియు వరుసగా నుండును. ఏది యెంత భారమో హై, మీడియం, లో అని ఎదురుగనే వ్రాసియుండును. భారమైనదానిని చూచి, పేరు మీద మౌసు కుడిమీట నొక్కి, డిసేబుల్ అనునది యెన్నుకొనినచో, మఱునాటినుండి అది తనంతట లేవదు. ప్రోగ్రాము మాత్రము పోదు. మనము పిలిచినప్పుడు పలుకును. తప్పుగా ఆపితిమని తోచినచో అచ్చటనే ఎనేబుల్ అని మరల లేపవచ్చును. ఇందు భయపడవలసినది లేదు.

కొన్ని అప్డేటరులు ఇంతకంటె గడుసువి. అవి స్టార్టప్ జాబితాలో పేరు వ్రాయించుకొనవు. కొన్ని టాస్క్ షెడ్యూలరులో దాగి, గడియారము చూచుకొని నిర్ణీత సమయమునకు లేచును. కొన్ని సర్వీసెస్ అను పట్టికలో చేరి రేయింబవళ్లు కాచుకొని యుండును. క్రింది వెదుకుపెట్టెలో ఆ పేర్లు వ్రాసినచో రెండును తెఱచుకొనును. ఇచ్చట మాత్రము నిదానము కావలెను. ఏలయన విండోస్‌కు ప్రాణాధారమైనవి కూడ ఆ పట్టికలలోనే యున్నవి. పేరు స్పష్టముగా తెలిసి, అప్డేట్ అను మాట యుండి, అది ఏ ప్రోగ్రాముదో మీరు వేలుపెట్టి చూపగలిగిన దానినే ముట్టుడు. సర్వీసెస్‌లో నైతే పేరు మీద రెండుమాఱులు నొక్కి, స్టార్టప్ టైప్ అనుచోట ఆటోమేటిక్ అని యున్నదానిని మాన్యువల్ అని మార్చిన చాలును. మొదటనే డిసేబుల్డ్ చేయనక్కఱలేదు. పాలలెక్క వ్రాయు పుస్తకమునందే ఒక పుట కేటాయించి, ఏ తేదీన దేనిని ఎట్లున్నదానిని ఎట్లు మార్చితిమో వ్రాసికొనుడు. దినమున కొక్కటి మాత్రమే మార్చి, కంప్యూటరును ఆర్పి వెలిగించి చూచుకొనుడు. నాలుగు మార్పులు ఒక్కనాడే చేసి, ఏదేని చెడినచో, ఏది కారణమో బ్రహ్మకును తెలియదు.

విండోస్ అప్డేటును ఆపరాదంటిమి. అది వచ్చు వేళను మాత్రము మనము నిర్ణయింపవచ్చును. సెట్టింగ్స్‌లో విండోస్ అప్డేటు క్రింద యాక్టివ్ అవర్స్ అను నేర్పాటు కలదు. ఉదయము 6 మొదలు రాత్రి 11 వఱకు మేము పనిలో నుందుమని అచ్చట చెప్పినచో, ఆ వేళలో కంప్యూటరు తనంతట ఆరి వెలుగదు. గరిష్ఠముగా 18 గంటల వఱకు ఇట్లు పెట్టుకొనవచ్చును. అమ్మాయికి ఆన్‌లైను పరీక్ష యున్న వారమున పాజ్ అప్డేట్స్ అను మీట నొక్కి అప్డేటులను కొన్ని వారములు నిలుపవచ్చును. పరీక్ష ముగిసిన నాడే మరల సాగనిచ్చుట మఱువరాదు.

హాట్‌స్పాటుతో నడుపుకొనువారికి అన్నిటికంటె మేలైన యుపాయము మీటర్డ్ కనెక్షన్. ఆ వైఫై పేరు తాలూకు ప్రాపర్టీస్ తెఱచి దీనిని ఆన్ చేసినచో, ఈ డేటా కొలిచి కొనుక్కున్నదని విండోస్ గ్రహించి, పెద్ద పెద్ద అప్డేటులను తనంతట దింపక ఆగును. మఱియొక విచిత్రము. డెలివరీ ఆప్టిమైజేషన్ అను నేర్పాటులో ఇంటర్నెట్టులోని కంప్యూటర్లతోను పంచుకొనుమని యున్నచో, మన యింట దింపుకొన్న అప్డేటు ముక్కలు మన డేటాతోనే ఊరూపేరూ తెలియని వారి యంత్రములకు చేరును. దానధర్మములు మంచివే, కాని దాతకు తెలియని దానమేమి దానము? దానిని ఇంటి కంప్యూటర్లకు మాత్రమే పరిమితము చేయుడు, లేదా పూర్తిగా ఆఫ్ చేయుడు.

ఇక పిల్లల ఆటలు. ఒక్కొక్క యాటకు అప్డేటు అనేక గిగాబైట్లుండుట సామాన్యము. స్టీమ్ వంటి ప్రోగ్రాములలో, డౌన్‌లోడ్స్ అను సెట్టింగులో, ఆటల అప్డేటులు ఏ గంటనుండి ఏ గంటవఱకు జరుగవలెనో వ్రాయుచోటు కలదు. ఇది పిల్లవానిచేతనే చేయించుట మేలు. వానికి తెలియకుండ చేసితిమా, వాడు రెండు నిమిషములలో యథాస్థితికి తెచ్చును.

అసలు అప్డేటరులను అదుపులో పెట్టిన యింటికి ఒక లాభమున్నది. దొంగ చీటీలు సులభముగా పట్టుబడును. ఏదో వెబ్‌సైటు చూచుచుండగా, మీ బ్రౌజరు పాతబడినది, ఇచ్చట నొక్కి అప్డేటు చేయుడని తెర నిండ ఒక ప్రకటన వచ్చునది చాలమంది చూచియుందురు. అది మోసము. బ్రౌజరు అప్డేటు ఏ పరాయి పుటలోనుండియు రాదు. క్రోమ్‌లో నైతే పైన కుడిమూల మూడు చుక్కలు నొక్కి, హెల్ప్‌లో అబౌట్ గూగుల్ క్రోమ్ అనునది తెఱచినచో, అదియే చూచుకొని తన్ను తాను సరిచేసికొనును. మీ కంప్యూటరు అప్డేటు కాలేదని ఫోనుచేసి, ఫలానా ప్రోగ్రాము దింపుకొనుడని చెప్పువారితో ఒక్క మాటయు ఆడక ఫోను పెట్టివేయుడు. ఏ కంపెనీయు ఇందుకొఱకు ఇంటింటికి ఫోను చేయదు.

విండోస్ 10 వాడుచున్నవారికి ఒక హెచ్చరిక. దానికి ఉచితమైన సాధారణ అప్డేటులు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినవి. ప్రత్యేకముగా నమోదు చేసికొన్నవారికి రక్షణ అప్డేటులు మఱికొంత కాలము వచ్చునట్లు ఏర్పాటు చేసిరి. విండోస్ అప్డేటు తెఱచి చూచినచో మీ యంత్రము సంగతి అచ్చటనే తెలియును. యంత్రము తగినదైనచో విండోస్ 11కు మారుట మంచిది. మారలేని యంత్రముపై బ్యాంకుపని చేయవలదని మా సలహా.

అప్డేటరులను ఆపిన తరువాత వాని పని మన నెత్తిన పడును గావున, దానికొక దినము పెట్టుకొనవలెను. మైక్రోసాఫ్టు కంపెనీ ప్రతి నెల రెండవ మంగళవారమున రక్షణ అప్డేటులను విడుదల చేయును. మనకది రాత్రివేళ యగును. కావున ఆ మఱునాడు, అనగా బుధవారము, అనువైన దినము. వంటకు పోవుటకు ముందు ల్యాప్‌టాపును ఛార్జరుకు తగిలించి, విండోస్ అప్డేటు తెఱచి, చెక్ ఫర్ అప్డేట్స్ అని నొక్కి మీ పనికి మీరు పోవచ్చును. మీటర్డ్ కనెక్షన్ పెట్టుకొన్నవారు ఆనాటి డేటాను ఇందుకే అట్టిపెట్టి, డౌన్‌లోడ్ అను మీటను తామే నొక్కవలెను. అన్నము వార్చు వేళకు అది దింపుకొనుట ముగియును. అటుపిమ్మట మీరు అప్డేటరు ఆపిన ప్రోగ్రాములను ఒక్కొక్కటిగా తెఱచి, హెల్ప్ మెనూలో అప్డేటులున్నవా యని చూచి, తేదీని పాలపుస్తకమున వేసికొనుడు. రీస్టార్ట్ నొక్కుటకు ముందు, అబ్బాయి సగము వ్రాసి విడిచిన ప్రాజెక్టు ఏదైన తెఱచియున్నదేమో చూచి సేవ్ చేయుడు.