పాత కుర్చీ కొనే ముందు

పటాన్‌చెరులో బస్సెక్కి ఎర్రగడ్డలో దిగితే ఆదివారం అంగడి. ఇంకాస్త ఓపికుంటే గురువారం నాడు పురానాపూల్ దగ్గర జుమేరాత్ బజార్. "ఎవరో వాడిన సామానా?" అని అత్తగారు ముఖం చిట్లించవచ్చు. కానీ పాత టేకు కుర్చీ ముందు ఇవాళ్టి ప్లైవుడ్ కుర్చీ ఏపాటిదండీ?

అయితే మెరుపు చూసి మోసపోకండి. తిరగేసి చూడండి, అసలు కర్ర అడుగున తెలుస్తుంది. సన్నటి బెజ్జాల్లోంచి పిండిలాంటి పొడి రాలుతుంటే లోపల పురుగు ఉన్నట్టే. ఎంత చవకైనా వద్దు, ఇంట్లోని మంచి సామానుకూ పాకవచ్చు. కాళ్లు కదిలితే ఫర్వాలేదు, వడ్రంగి జిగురు పెట్టి బిగిస్తాడు. కేన్ అల్లిక తెగిందా, అల్లే కూలి ముందే కనుక్కుని ఆ మేరకు బేరమాడండి.

రంగు వేసిన సామాను సంగతి వేరు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల వంతులకు 90 వంతులు మించకూడదన్న నిబంధన 2017లో గానీ అమలుకు రాలేదు. అంతకు ముందటి రంగులో ఎంత సీసముందో కంటికి కనబడదు. ఆ దుమ్ము పసిపిల్లల మెదడుకు చేటు. అందుకని పొడిగా ఉప్పుకాగితం పట్టించకండి. తడిపి, ఆరుబయట, పిల్లల్నీ గర్భిణుల్నీ దూరంగా ఉంచి గీకించండి. రాలినదాన్ని ఊడ్చకుండా తడిగుడ్డతో ఎత్తెయ్యాలి.

ఆ తర్వాత లక్క పాలిష్. లక్కను స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పల్చగా పూత మీద పూత వెయ్యాలి. పొయ్యి దగ్గర మాత్రం వద్దు, స్పిరిట్ భగ్గుమంటుంది. పాలిష్ బల్ల మీద వేడి కాఫీ గ్లాసు నేరుగా పెడితే తెల్లటి చక్రం పడుతుంది. మావారు పెట్టారు లెండి!